కలపకు తరగతి కట్టుట: స్వీడను కర్షకుల యెగుమతి వర్తకము

బ్యారనులో కాల్చిన పొగాకును ఆకాకుగా చూచి, రంగునుబట్టియు మచ్చనుబట్టియు వేరుపరచి, చెక్కులు కట్టుట మన గుంటూరు, ప్రకాశము జిల్లాల కర్షకులకు క్రొత్త సంగతి కాదు. ఆ యాకు ధర చేలోకంటె గ్రేడింగు కొట్టములోనే యెక్కువగా నిర్ణయమగునని వా రెఱుగుదురు. ఇట్టి పనినే ఉత్తర ఐరోపాలోని స్వీడను దేశపు కర్షకులు చెట్టు కలపతో చేయుచున్నారు. వారి యడవిలో నఱకబడిన చెట్టు వారి సహకార సంఘపు కోతమిల్లులో పలకయై, తరగతి ముద్ర వేయించుకొని, ఓడ యెక్కి, ఇంగ్లండులోనో జపానులోనో యొక యింటికి వాస మగుచున్నది. కొన్న మేస్త్రీ ఆ యడవిని చూడలేదు. అమ్మిన కర్షకుడు ఆ యింటిని చూడబోడు. వీరిరువురి నడుమ నున్నది పలకమీది రెండు మూడక్షరముల ముద్ర మాత్రమే. ఆ ముద్రకు విలువ యెట్లు వచ్చెనో, దానిని నిలుపుకొనుటకు సంఘము లెట్టి కష్టములు పడవలసి యుండునో యీ వ్యాసమున వివరించెదము.

ముందుగా నొక మాట. వర్తకులు మృదుకలప యని పిలుచునది చేతికి మెత్తగా నుండు కలప యని భ్రమపడరాదు. సూదులవంటి యాకులు గలిగి, పండ్లకు మాఱుగా పొలుసుల శంకువులను గాచు వృక్షముల కలప యంతయు మృదుకలపయే. హిమాలయములందలి దేవదారు వీ జాతిలోనిది. మన కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి, గోరు దిగునంత మెత్తనిదయ్యును, వృక్షశాస్త్రరీతిని కఠినకలప జాతికే చేరును. స్వీడనులో ముఖ్యమైనవి స్ప్రూసు, పైను అను రెండు వృక్షములు. వర్తకులు మొదటిదానిని తెల్లకలప యనియు, రెండవదానిని ఎఱ్ఱకలప యనియు వ్యవహరింతురు. ఇవి నిటారుగా పెరుగును, తేలికగా నుండును, మేకును సులభముగా దిగనిచ్చును. అందుచేతనే చలిదేశములలో ఇండ్ల చట్రములకును, వాసములకును, నేలపలకలకును వీనినే వాడుదురు.

అడవి యనగానే సర్కారువారి యడవి యని మనకు తోచును. స్వీడనులో నట్లు గాదు. అచ్చటి సాగు అడవిలో దాదాపు సగము కుటుంబముల సొత్తు. ఒక్కొక్క కుటుంబమునకు సాధారణముగా కొన్ని పదుల హెక్టార్లుండును. దక్షిణ భాగమున స్ప్రూసు చెట్టు కోతకు వచ్చుటకు 60, 70 ఏండ్లు పట్టును; తాత నాటినదానిని మనుమడు కోయును. జీవితకాలములో నేవో రెండు మూడు మాఱులు పెద్ద కోత కోయు కర్షకుడు, ప్రతిదినమును కలప కొనుచుండు మిల్లుదారునితో బేరమాడినచో నెవరిది పైచేయి యగునో చెప్పనక్కఱలేదు. ఈ కష్టము తీర్చుకొనుటకై 1938లో దక్షిణ స్వీడను అడవి యజమానులు కూడి యొక సంఘమును స్థాపించుకొనిరి. సోద్రా యని దాని నేటి పేరు. దక్షిణమని దాని యర్థము. నేడు దానిలో 50 వేలకు పైగా సభ్యులు గలరు. కోతమిల్లులును, కాగితపు గుజ్జు మిల్లులును సంఘమునకే గలవు. లాభములో కొంత సభ్యుని మూలధనముపై వడ్డీగాను, కొంత అతడు తెచ్చి యిచ్చిన కలపపై అదనపు ధరగాను పంచబడును. పొరుగున నున్న ఫిన్లండులో 1947లో సహకార సంఘముగా రూపొందిన మెత్సాలిత్తో యనునదియు నిట్టిదే.

స్వీడను యేటా సుమారు 1 కోటి 80 లక్షల ఘనమీటర్ల కోత కలపను తయారుచేయును. అందులో మూడింట రెండు వంతులకు మించి పరదేశములకు పోవును. ఇంత వర్తకము ఒక్కనాట నేర్పడలేదు. 1849లో సుండ్స్‌వాల్ రేవు సమీపమున తూనదాల్ అనుచోట ఆ దేశపు మొదటి ఆవిరి కోతమిల్లు నెలకొల్పబడెను. బ్రిటను తన కలప దిగుమతి సుంకమును క్రమముగా తగ్గించి 1866లో పూర్తిగా తీసివేసెను. నాటినుండి ఓడలకొలది పలకలు లండను రేవునకు పోసాగినవి. ప్రతి మిల్లును పలకల కొనలమీద రంగుతో తన గుర్తు వేయుచుండెను. ఏ గుర్తు ఏ మిల్లుదో తెలుపు పుస్తకములను బేరగాండ్రు దగ్గఱ నుంచుకొనెడివారు. నాటి కొలతయు నొక వింత. పీటర్సుబర్గు స్టాండర్డు అనబడు దానికి నూఱు పలకలని పేరు గాని, లెక్కకు 120. ఒక్కొక్క పలక 12 అడుగుల పొడవు, 11 అంగుళముల వెడల్పు, అంగుళమున్నర మందము. మొత్తము 165 ఘనపుటడుగులు. మామిడిపండ్ల నూటికి కొసరు వేయు మన బజారువారు దీనిని విని యాశ్చర్యపడరు.

తరగతులు కట్టుటలో మఱియొక వింత గలదు. పలకలను ఒకటి మొదలు ఆఱు వఱకు తరగతులుగా నెంచి, మొదటి నాలుగింటిని కలిపి 'వేరుపరచనిది' యను పేరుతో నమ్ముచుండిరి! అనగా మేలురకమునకే వేరుపరచనిదని పేరు. అయిదవది, ఆఱవది వేరుగా నమ్ముడుపోవుచుండెను. ఒక మిల్లువారి 'వేరుపరచనిది' మఱియొక మిల్లువారి యైదవ తరగతితో సమానముగా నుండుటయు గలదు. కావున నాటి బేరగాడు తరగతిని నమ్మక మిల్లు గుర్తును నమ్మెడివాడు. చిన్న మిల్లునకు, క్రొత్త సంఘమునకు ఇందువలన చిక్కు కలిగెను. కలప యెంత మంచిదైనను, గుర్తు పాతదికాకున్న ధర పలుకదు. 1960లో స్వీడనువారు అన్ని మిల్లులకును పనికివచ్చు తరగతి సూత్రములను ప్రకటించిరి. 1994లో స్వీడను, ఫిన్లండు, నార్వే మూడు దేశములును గలసి, ఏ, బీ, సీ, డీ యను తరగతులతో నుమ్మడి నియమములను చేసికొనెను. కణుపుల పరిమాణము, పగుళ్ళు, బంకగూళ్ళు, నీలిమచ్చ, అంచున మిగిలిన బెరడు, మెలి, వంపు ఇవన్నియు కొలతలతో నందు నిర్దేశింపబడినవి.

అయితే ఇవి చూపునకు సంబంధించిన తరగతులు. ఇల్లు కట్టు ఇంజనీరునకు ఇంతటితో చాలదు. చూచుటకు చక్కగా నున్న పలక బరువు మోయునో మోయదో యతనికి తెలియవలయును. కావున నిర్మాణమునకు పోవు కలపకు బలమునుబట్టి వేరొక తరగతి గలదు. ఐరోపాలో దీనిని సీ16, సీ18, సీ24, సీ30 యని వ్రాయుదురు. సీ24 అనగా వంచినపుడు చదరపు మిల్లీమీటరునకు 24 న్యూటనుల ఒత్తిడిని, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 245 కిలోల బరువును తాళగలదని యర్థము. ఇచట నొక సూక్ష్మము గలదు. దానిని చదువరులు శ్రద్ధగా గమనింపవలయును. ఈ 24 అనునది ఆ తరగతి పలకల సగటు బలము గాదు. నూఱు పలకలను విఱిచి చూచినచో 95 ఇంతకు మించిన బలము గలవై యుండవలయును. నూటికి అయిదు మాత్రమే దీనికి దిగువ నుండవచ్చును. సగటుతో నిల్లు కట్టరాదు గదా! ఇంటి కప్పు విఱుగునది సగటు వాసము చోట గాదు, అన్నిటికన్న బలహీనమైన వాసము చోటనే.

బలము నెట్లు కనుగొందురు? పలకను విఱిచినచో బలము తెలియును గాని పలక మిగులదు. కావున విఱువకయే గుర్తెఱుగు మార్గములు రెండేర్పడినవి. మొదటిది కంటితో చూచుట. వాసముపై బరువు పడినపుడు దాని పైయంచు నొక్కుకొని పోవును, క్రిందియంచు సాగును, నడిమి భాగమునకు శ్రమ తక్కువ. కొమ్మ పుట్టిన చోట కణుపు చుట్టును నార వంకర తిరిగి యుండును. అట్టి కణుపు పలక నడుమ నున్న నంతగా చెఱుపు లేదు. అంచున నున్నచో అచ్చటనే పగులు మొదలగును. అందుచేత తరగతి కట్టువాడు కణుపు నెంత పెద్దదని మాత్రమే గాక, ఎక్కడ నున్నదని గూడ చూడవలయును. నార పలక పొడవునకు వాలుగా పోయినను, వార్షిక వలయములు మఱీ దూరదూరముగా నున్నను బలము తగ్గును. ఉత్తర దేశముల నియమముల ప్రకారము ఇట్లు చూచి టీ0, టీ1, టీ2, టీ3 అని నిర్ణయింతురు. టీ1 తరగతి సీ18కిని, టీ2 సీ24కిని, టీ3 సీ30కిని సమానము. పలక యంత్రముమీద కదలిపోవుచుండగా కొన్ని క్షణములలో నీ నిర్ణయము చేయవలసియుండును. అనుభవము లేనివానికి అసాధ్యము; అలసినవానికి గూడ అసాధ్యమే.

రెండవ మార్గము యంత్రము. పలకను కొలదిగా వంచి యెంత గట్టిగా నెదిరించునో చూచు యంత్రములు మొదట వచ్చినవి. ఇప్పుడు పలక కొనను చిన్న సుత్తెతో గొట్టి, దాని ధ్వనినిబట్టి బిగువును లెక్కించు యంత్రములును, ఎక్సురే కిరణములతో లోపలి కణుపులను చూచు యంత్రములును వాడుకలో నున్నవి. కుండ గొనువారు వ్రేలితో మీటి నాదము విని యెంచుకొనుట యెట్టిదో, సుత్తె యంత్రపు మర్మము నట్టిదే. యంత్రము కంటికంటె మెఱుగైనది. ఏలయనగా అనుమానపు పలకను కంటితో చూచువాడు భయముచే దిగువ తరగతిలో వేయును, దానిచే కర్షకునకు నష్టము. పై తరగతిలో వేసినచో కొన్నవానికి ప్రాణాపాయము. తరగతి కట్టుట యనగా కఠినముగా నుండుట యని కొందఱు తలంతురు గాని, నాకు తోచినంతవఱకు రెండు వైపులను తప్పకుండ నుండుటయే దానిలోని కష్టము.

తేమను గూర్చి కొంచెము చెప్పవలెను. అప్పుడే కోసిన చెట్టు తెల్లచెక్కలో ఎండిన కలప బరువునకు మించిన నీరుండును. ఈ నీరు నూటికి సుమారు 30 పాళ్ళకు దిగువకు వచ్చునప్పటినుండి కలప కుంచించుకొనసాగును. అదియు అన్ని దిక్కుల సమానముగా గాదు. వలయముల వెంబడి కుంచించుట, చేవనుండి బెరడు వైపునకు కుంచించుటకు దాదాపు రెండింతలుండును. పలక మెలిపడుటకును వంగుటకును ముఖ్యకారణ మిదియే. ఓడ యెక్కించు కలపను సాధారణముగా 18 పాళ్ళ తేమ వఱకు ఎండబెట్టుదురు. 20 పాళ్ళకు దిగువ నున్న కలపను బూజు పట్టదు. వేడిగదులలో నీ పని కొన్ని దినములు పట్టును. తొందరపడి వేడి పెంచినచో పైపొర యెండి లోపల పచ్చిగా నిలిచి పగుళ్ళు వాఱును. పురుగులు దేశములు దాటకుండుటకై, కలప నడుమ భాగము 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 30 నిమిషములుండవలెనని పలు దేశములు కోరుచున్నవి.

ఇంతవఱకు మిల్లు సంగతి. ఇక సభ్యుని సంగతి. బేరగాడు పలకను తరగతినిబట్టి కొనునపుడు, సంఘము సభ్యుని దుంగను గూడ తరగతినిబట్టియే కొనవలయును. స్వీడను నియమములలో పైను దుంగలకు నాలుగు తరగతులు, స్ప్రూసు దుంగలకు రెండు. వంకర దుంగ, కుళ్ళిన దుంగ, పెద్ద కణుపుల దుంగ క్రిందికి దిగును. మఱియు చెడ్డదైనచో గుజ్జుకట్టెయై పోయి ధర బాగుగా తగ్గును. తాత నాటిన చెట్టును రెండవ తరగతి యన్నచో నే సభ్యునకు కోపము రాదు? ఇట్టి చోటనే సహకార సంఘము లనేకము మునుగుచున్నవి.

నా యనుభవమున నొక సంగతి. నేను పాలకవర్గమున నున్న యొక సంఘము పసుపు నుమ్మడిగా నమ్మెడిది. ఒక యేడు కొన్ని బస్తాలలో పైన మేలి కొమ్ములును అడుగున పుచ్చినవియు బయటపడినవి. ఎవరివో మాకు దెలియును. పలుకుబడి గలవాడగుటచే నెవరమును నోరు మెదపలేదు, నేను గూడ. మఱుసటి యేడు ఆ బేరగాడు మా బస్తాలనన్నిటిని విప్పించి చూచి, అందఱికిని ధర కోసెను. మంచి పసుపు దెచ్చిన చిన్న రైతులు అడిగిన ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయెను.

స్వీడనువారు దీనికి కనుగొన్న యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. దుంగ కొలుచువాడు మిల్లు నౌకరు గాడు, సభ్యుడును గాడు. 1935లోనే కలప కొలతను గూర్చి యొక చట్టము చేయబడెను. అమ్మువారును కొనువారును గలసి నడపు కొలతసంఘము లేర్పడినవి. అవి 2019లో నొక్కటై బియోమెట్రియ యను పేర నున్నవి. కొలతరి దుంగ సన్నకొనను బెరడు మినహాయించి కొలిచి, తరగతి వ్రాయును. కొన్ని దుంగలను ముందుగా చెప్పకయే వేరుగా నుంచి మఱియొకడు తిరిగి కొలుచును; రెండు కొలతలకు భేద మున్నచో కొలతరియే సంజాయిషీ చెప్పుకొనవలయును. తమ సంఘమునకు తామే అమ్ముకొనుచున్నను, వారు కొలతను మాత్రము తమ చేతిలో నుంచుకొనలేదు.

ఈ యేర్పాటునకు గొప్ప పరీక్ష 2005 జనవరి 8, 9 తేదీలలో వచ్చెను. గూద్రున్ అను పెనుగాలి దక్షిణ స్వీడనుమీద విరుచుకొనిపడి యొక్క రాత్రిలో 7 కోట్ల ఘనమీటర్లకు పైగా చెట్లను కూల్చెను. ఆ దేశమంతటను ఒక యేడు కోయు కలపతో నిది యించుమించు సమానము. పడినవానిలో హెచ్చుపాలు స్ప్రూసే. గాలినాడును, తరువాత పడిన చెట్లను కోయునపుడును పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఒకదానిమీద నొకటి ఒఱగి బిగిసియున్న మ్రానులు రంపము తగులగానే విదిలించి కొట్టునవి. కుటుంబము లనేకము మూడు తరముల కూడబెట్టును నేలపాలు చేసికొన్నవి.

పడిన చెట్టు వేసవి వచ్చులోపల తీయనిచో నీలిమచ్చ పట్టును, బెరడుపురుగు చేరును; ఆ పురుగు వృద్ధియై నిలిచియున్న చెట్లను గూడ తినును. ఇంత కలపను మిల్లులు ఒక యేట కోయలేవు. అందుచేత దుంగలను పెద్ద గుట్టలుగా పేర్చి, వేసవియంతయు నీళ్ళు చల్లుచు నిలువయుంచిరి. నీరు నిండిన కలపలో గాలి చొరదు. గాలి లేనిచో బూజు పెరుగదు. మన పల్లెలలో దుంగలను చెరువులో ముంచియుంచు వాడుక గలదు గదా! స్మోలాండు సీమలో బ్యూహోల్మ యను పాత విమానస్థలములో రెండున్నర కిలోమీటర్ల పొడవున దాదాపు 10 లక్షల ఘనమీటర్ల దుంగలు ఒక్కచోటనే పేర్చబడెను.

ఇచటనే తరగతి ముద్రకు గండము. గాలికి వంగి పడిన చెట్టులో నార యొక వైపున నలిగి, పైకి కనబడని సన్నని విఱుపులుండును. పలకగా కోసినపుడు చూపునకు తేడా యుండదు. వాసముగా వేసినపుడు ఆ విఱుపు చోటనే తెగును. గాలిపాటు కలపనంతటిని సీ24 గా పంపివేసినచో నష్టపడిన సభ్యులకు నాలుగు కాసులు మిగిలియుండును గాని, ఆ గుర్తుమీద నమ్మకము పోయియుండును. విఱిగిన మ్రానుల నడిమి ముక్కలను వేరుపరచి గుజ్జునకును, చలిమంటకును పంపవలసినదే. సభ్యుడు ఇల్లు మునిగియున్నపుడు నీ దుంగ రెండవ తరగతి యని చెప్పుట యెంత కష్టమో యూహింపుడు.

బేరగాండ్ర యభిరుచులు వేరువేరు. ఇంగ్లండులో సీ16, సీ24 ముద్రలనే హెచ్చుగా నడుగుదురు. జపానువారు బలముతోబాటు చూపును గూడ చూచెదరు. 105 మిల్లీమీటర్ల చదరపు స్తంభములు వారి యిండ్లకు వాడుక. ఈజిప్టువారు పైనులో దిగువ తరగతులను సైతము విరివిగా కొందురు. ఒకచోట నాసి యనబడినది మఱియొకచోట సరుకగుచున్నది. అమెరికా, కెనడాలలో పలకపై ముద్రించు గుర్తులో తనిఖీ సంస్థ, మిల్లు సంఖ్య, తరగతి, వృక్షజాతి, తేమ యను అయిదు సంగతులుండును. అచ్చట రెండున్నాలుగు అంగుళముల పలక యన్నది నునుపు చేసిన పిమ్మట నిజముగా అంగుళమున్నర, మూడున్నర అంగుళములే. తెలియని క్రొత్త యెగుమతిదారు మోసమనుకొనును.

ధరలు మాత్రము సముద్రమువలె నుండును. 2021 మే నెలలో అమెరికాలో వేయి బోర్డు అడుగుల ధర 1,600 డాలర్లు దాటి, ఆగష్టు నాటికి 500 దరిదాపులకు పడిపోయెను. ఇట్టి వేళ అడవి కర్షకునకు మనకు లేని వెసులుబా టొకటి గలదు. పండిన వరి ఆగదు. నిలిచియున్న చెట్టు ధర వచ్చువఱకు మఱి రెండేండ్లు పెరుగుచుండును. గాలి వీచనంతవఱకు ననుకొనుడు.

మన కోస్తా జిల్లాలలో జామాయిలు, సరుగుడు, సుబాబులు తోటలు విస్తారముగా గలవు. ఇవి మృదుకలప జాతివి కావు, ఇండ్ల వాసములకై ఓడ యెక్కునవియు గావు. న్యూజీలాండు పైను దుంగలు కాండ్లా రేవున దిగి గాంధీధామ్ కోతమిల్లులలో పలకలగుచుండగా, మన కలప హెచ్చుగా కాగితపు మిల్లునకు టన్నుల లెక్కను పోవుచున్నది. టన్ను లెక్కలో సన్నపు కొమ్మయు లావు మొదలును ఒక్కటే. పైగా కోసినది ఎండినకొలది బరువు తగ్గును గనుక రైతు తొందరపడును, లారీ ఆలస్యము చేయువాడు లాభపడును. లావైన జామాయిలు మొదళ్ళను ప్లైవుడ్డు పొరలు తీయుటకు గొనువారున్నారు. కోతనాడే మొదళ్ళను చుట్టుకొలతనుబట్టి వేరుగా పేర్పించి, గుజ్జుకట్టెకు టన్ను ధరయు, పొరదుంగకు వేరు ధరయు ముందుగా వ్రాతమూలముగా తీసికొని, కాటావద్ద సంఘపు మనిషిని గాక ఉభయులును ఒప్పుకొన్న మనిషిని నిలుపుట ఏ గ్రామ సంఘమునకైనను రాబోవు కోతకాలములోనే సాధ్యమగు పని.